కారే చోటు వేరు, దూరే చోటు వేరు

పోయిన సెప్టెంబరులో మా అక్కావాళ్ల హాల్లో ఫ్యాను కింద బకెట్టు పెట్టారు. కర్నూల్లో వానంటే ఎంత, ఏడాది మొత్తం కలిపినా సగటున సుమారు 700 మిల్లీమీటర్లే. అయినా ఆ నాలుగు రోజుల ముసురుకే ఫ్యాను హుక్కు చుట్టూ సున్నం ఉబ్బి, పెచ్చులూడి, చుక్కచుక్కగా కారుతోంది. అంతకుముందు రెండేళ్లు వరసగా మిద్దె మీద నీళ్లు దిగకుండా కెమికల్ కొట్టించారు, రెండుసార్లకూ కలిపి ముప్పై ఎనిమిది వేలు అయింది. మూడోసారి కూడా అదే కొడదామని మేస్త్రి వచ్చి చదరపు అడుగుల లెక్క చెప్తున్నాడు. "ఫ్యానుకు సరీగా పైన ఇంకో రెండు కోటింగులు ఎక్కువ కొడతాంలే అన్నా" అన్నాడు.

ఫ్యానుకు సరిగ్గా పైన. ఆ మాట వినగానే నాకు కొచ్చి గుర్తొచ్చింది. ఎందుకంటే పదకొండేళ్లు అక్కడ నేను చేసిన పనంతా ఆ ఒక్క నమ్మకాన్ని పోగొట్టుకోవడమే.

కొచ్చిలో బ్యాక్‌వాటర్స్ ఒడ్డున పాత పడవలు బాగుచేసే చిన్న యార్డులో ఇంజను మెకానిక్కుగా చేరాను. ఇంజన్లకోసం వెళ్లినవాణ్ణి మెల్లగా లీకులు వెతికేవాడిగా మారాను. నీళ్ల మీద ఉండే ఊరు కాదు కదా మీది, నీకెలా అబ్బింది అని అడుగుతుంటారు. నాకు మాత్రం మొదటి పాఠం తుంగభద్ర ఒడ్డునే దొరికింది. చిన్నప్పుడు చేపలు పట్టే ఒక పెద్దాయన తన పుట్టిని, గుండ్రటి బుట్టపడవ అది, నీళ్లలోంచి తీసి, బోర్లా ఎత్తి, తలా భుజాలూ దాని లోపల పెట్టి, ఎండకేసి తిరిగి నిలబడ్డం చూశాను. నన్నూ లోపలికి రమ్మన్నాడు. లోపలంతా చీకటి, తారు వాసన, ఆ చీకట్లో రెండే రెండు వెలుగు చుక్కలు. ఆ రెండింటి పక్కనా బొగ్గుతో గుర్తు పెట్టుకుని, బయటికొచ్చి, అక్కడ మాత్రమే తారు కాచి పోశాడు. పుట్టి మొత్తానికి పూసుంటే తారూ దండగ, బరువూ దండగ.

నేను చెప్పదలచుకున్నది ఇదే. నీళ్లు దూరే చోటును కంటితో చూసేదాకా ఏ పూతా పూయకూడదు, ఏ ట్యూబూ పిండకూడదు. వెతకడమే అసలు పని, దానికే డబ్బులివ్వాలి. మూయడం చివరి గంటలో అయిపోతుంది. ఇది అందరూ ఒప్పుకునే మాటలా కనిపిస్తుంది కానీ చేతికి సీలెంటు గన్ను, సందులు మూసే ముద్దను పిండేది, దొరికాక ఎవరూ పాటించరు. నేనూ పాటించని రోజులున్నాయి, వాటి సంగతి కింద రాస్తాను.

మూడు రంగుల సీలెంటు

నాకు పనంతా నేర్పింది ఒక తెరచాప పడవ. 1978లో కట్టింది, 32 అడుగులు, ఫైబర్ ఒళ్లు. దానికి రెండు జబ్బులు. ప్రతి ఉదయం అడుగున, బిల్జ్ అంటాం, పడవ కడుపులో నీళ్లు చేరే గుంట, అక్కడ రెండు మగ్గుల నీళ్లుండేవి. వాన పడిన రోజు ఎడమవైపు పడక మీద దిండు తడిసేది. దిండుకు పైన కిటికీ ఉంది. నాకంటే ముందు ఎవరెవరో ఆ కిటికీ చుట్టూ సీలెంటు పెట్టారు. బ్లేడుతో కోసి చూస్తే తెలుపు మీద పారదర్శకం, దాని మీద నలుపు, ముగ్గురు పనివాళ్లు మూడు ఏళ్లలో చేసిన పని ఉల్లిపాయ పొరల్లా కనిపించింది. దిండు మాత్రం తడుస్తూనే ఉంది.

రెండు జబ్బులకూ మూలం ఒకటే అని యజమాని నమ్మకం. యార్డులో ముసలి వడ్రంగి ఒకాయన ఉండేవాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా బిల్జ్‌లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంటే పడవ మునిగి ఉన్న భాగంలోంచో, ఇంజను చల్లబరిచే సముద్రపు నీటి గొట్టంలోంచో వచ్చినట్టు. చప్పగా ఉంటే పైనుంచి పడిన వాననీరో, తాగునీటి ట్యాంకు కారడమో. ఏ పరికరమూ అక్కర్లేని ఈ పరీక్ష సగం పడవను లెక్కలోంచి తీసేస్తుంది.

నేనూ రెండేళ్లు ఆ పరీక్షను గుడ్డిగా నమ్మాను. తర్వాత ఒక జులైలో చప్పటి నీళ్లు చూసి నాలుగు రోజులు డెక్ మీద, అంటే పడవ పైకప్పు మీద, వెతికి, చివరికి లీకు నీటిమట్టం కింద ఉన్న వాల్వు దగ్గర దొరికింది. కారణం తర్వాత తట్టింది. వానాకాలంలో నదులన్నీ వచ్చి కలిసి కొచ్చి బ్యాక్‌వాటర్స్‌లో పైనీరే చప్పబడిపోతుంది. పడవ తేలుతున్న నీళ్లే చప్పగా ఉన్నప్పుడు నాలుక ఏం చెప్తుంది? అప్పట్నుంచి ముందు పడవ పక్కన నీళ్లు రుచి చూసి, తర్వాత లోపలివి చూడ్డం అలవాటు చేసుకున్నాను.

ఆ 1978 పడవలో బిల్జ్ నీళ్లు ఉప్పగానే ఉన్నాయి. స్పాంజితో చివరి చుక్కదాకా తీసి, గుడ్డతో తుడిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టి, అనుమానం ఉన్న ప్రతి గొట్టం కింద, ప్రతి వాల్వు కింద న్యూస్‌పేపరు ముక్కలు పరిచాను. బిల్జ్ పొడవునా చాక్‌పీసు పొడి గీతలుగా చల్లాను. పొద్దున చూస్తే ఒకే ఒక్క పేపరు ముక్క తడిసింది, పొడిలో ఒకే దారి పడింది. ఇంజను షాఫ్టు బయటికెళ్లే గ్లాండు దగ్గర. మన పొలాల్లో మోటార్లు చూసినవాళ్లకు గ్లాండు తాడు కొత్తగా చెప్పనక్కర్లేదు, పడవలో కూడా అంతే, మైనం పట్టించిన తాడు చుట్టలు చుట్టి నట్టు బిగిస్తారు. షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి, ఆ చుక్కలే దాన్ని చల్లబరుస్తాయి. ఆగినప్పుడు కారకూడదు. కారుతోంది కదా అని గట్టిగా బిగిస్తే వేడెక్కి షాఫ్టుకే గాడి పడుతుంది, ఆ తర్వాత ఏ తాడూ ఆపలేదు. ఇక్కడ ఆగి ఉన్నప్పుడూ కారుతోంది, పాత తాడు రాయిలా గట్టిపడిపోయింది. తాడు మార్చడానికి ఒక పూట పట్టింది.

దిండు తడిసే దారి

దిండు సంగతి వేరే. దానికి గొట్టంతో నీళ్లు పట్టే పరీక్ష చేశాం. పైన ఒకడు, కింద టార్చి పట్టుకుని నేను. ఈ పరీక్షలో తొందరపడేవాళ్లు గొట్టం తీసుకుని పడవ మొత్తం తడిపేస్తారు. అప్పుడు ఎక్కడో కారుతుంది, దేనివల్లో తెలీదు. కింది భాగం నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట పది నిమిషాలు, మెల్లగా, వాన కురిసినట్టు పట్టాలి. అది పొడిగా ఉంటేనే పైదానికి వెళ్లాలి. కిటికీ మీద పదిహేను నిమిషాలు పట్టాం, చుక్క రాలేదు. మూడు రంగుల సీలెంటూ అమాయకమైన చోట పెట్టారన్నమాట.

మూడో రోజు, కిటికీకి అయిదడుగుల ముందు, డెక్ అంచున రెయిలింగు కడ్డీ నిలబెట్టిన పాదం మీద నీళ్లు పడుతుండగా పన్నెండో నిమిషంలో నా ముఖం మీద చుక్క పడింది. బోల్టు పక్కనుంచి దిగిన నీళ్లు డెక్‌కూ లోపలి ప్యానెల్‌కూ మధ్య సందులో నడిచి, పడవ వాలును పట్టుకుని వెనక్కొచ్చి, కిటికీ స్క్రూ దగ్గర బయటపడుతున్నాయి.

ఈ నీళ్లు చేసే అసలు నష్టం దిండు తడవడం కాదు. చాలా పాత ఫైబర్ పడవల్లో డెక్ రెండు పలుచని ఫైబర్ పొరలుగా ఉండి, మధ్యలో బాల్సా అనే తేలికపాటి చెక్క ఉంటుంది. బోల్టు రంధ్రంలోంచి నీళ్లు ముందు దాన్నే నానబెడతాయి. స్క్రూడ్రైవరు పిడితో డెక్ మీద కొట్టుకుంటూ వెళ్లాను, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు. టక్ టక్‌మని పలుకుతున్నది కాస్తా ఆ కడ్డీ పాదం చుట్టూ జానెడు మేర మొద్దుగా, చచ్చిన చప్పుడు. బోల్టులు తీసి రంధ్రంలో వంచిన మేకు పెట్టి తిప్పితే నల్లటి ముద్ద బయటికొచ్చింది, గిన్నె అడుగున మిగిలిన టీపొడిలా, పుల్లటి వాసన.

సముద్రంలో తిరిగే పడవను సముద్రపు నీరే కుళ్లబెడుతుంది అనుకునేవాణ్ణి. చెక్కకు వాననీరే పెద్ద శత్రువు. ఉప్పు బూజును కొంత అడ్డుకుంటుంది, వాననీరు అడ్డుకోదు. పూర్తిగా మునిగిన చెక్క కూడా అంత త్వరగా పోదు, కుళ్లుబూజుకు తడితోపాటు గాలి కూడా కావాలి కాబట్టి. సంగమేశ్వరంలో వేపదారు లింగం ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం నీళ్లలో మునిగే ఉంటుందని తెలిసిన మనవాళ్లకు ఇది వింతగా అనిపించకూడదు. తడుస్తూ ఆరుతూ ఉండే చోటే ప్రమాదం. డెక్ సరిగ్గా అలాంటి చోటు.

తడిసిన చెక్కంతా తోడేసి, రెండు వారాలు ఆరనిచ్చి, రంధ్రం పెద్దదిచేసి చిక్కటి ఎపాక్సీ, రాయిలా గట్టిపడే జిగురు, నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ బోల్టు రంధ్రం చేశాం. ఇక ఎప్పుడైనా నీళ్లు దిగినా చెక్కను తాకవు, ఎపాక్సీ గొట్టంలోంచి నేరుగా కిందికి పడి కనిపిస్తాయి. పాదం కింద బ్యూటైల్ అనే జిగట రబ్బరు టేపు చుట్టి రోజుకు కొంచెం చొప్పున మూడు రోజులు బిగించాం.

లోపలినుంచి మూసినప్పుడు

ఇప్పుడు నా తప్పు. ఇంకో పడవలో చెయిన్‌ప్లేటు దగ్గర లీకు. మాస్టును, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే తీగలు పడవ ఒంటికి కట్టే స్టీలు పట్టీలవి, డెక్‌లోంచి లోపలికి దిగుతాయి. యజమానికి తొందర, వారంలో బయల్దేరాలి. పైన విప్పాలంటే మాస్టు తీగలు వదులు చేయాలి, రెండు రోజుల పని. లోపల క్యాబిన్లోంచి అయితే పావుగంట. లోపలే సీలెంటు దట్టించాను. చుక్క ఆగింది. యజమాని సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లాడు.

రెండేళ్లకు ఆ పడవ వేరే పనికోసం వచ్చింది. పట్టీ తీసి చూస్తే డెక్ మందంలో దాగి ఉన్న భాగం మీద గోధుమరంగు మరకలు, ఒక మూల వెంట్రుకంత పగులు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి దాని మీదుండే పలుచని పొర కారణం, ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ తగలాలి. నేను కింద మూసేసరికి పైనుంచి దిగిన ఉప్పునీళ్లు బయటపడే దారిలేక, గాలి తగలక, ఆ ఇరుకులో రెండేళ్లు నిలిచాయి. ఆ పట్టీ నడిసముద్రంలో తెగి ఉంటే మాస్టు పడిపోయేది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ పగులును వేలిగోటితో తడిమిన సంగతి నేను మర్చిపోలేదు. కారడం ఆగింది అంటే లీకు ఆగినట్టు కాదని నేనంత గట్టిగా చెప్పేది అందుకే.

బిల్జ్ పంపు విషయంలో కూడా నాకిదే భయం. నీళ్లు చేరగానే తనంతట తాను తోడేసే పంపు ఉన్న పడవలో ఎంత కారుతోందో ఎవరికీ తెలియదు. పంపు ఉండాలి, వద్దనడం లేదు. కానీ లెక్క చూడండి. నీటిమట్టానికి రెండడుగుల కింద అంగుళం రంధ్రం పడితే నిమిషానికి సుమారు 60 లీటర్లు లోపలికొస్తాయి. ఒక గొట్టం క్లిప్పు తెగి ఊడితే అంతే. చిన్న పంపు చాలదు, బ్యాటరీ అయిపోతే అదీ ఉండదు. అందుకే మంచి పడవల్లో ప్రతి వాల్వు పక్కనా ఆ సైజు చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచుతారు. మన ఇళ్లలో ఫ్యాను కింద బకెట్టు కూడా పంపులాంటిదే. అది నిండకపోతే ఇంట్లో ఎవరికీ టెన్షన్ ఉండదు.

మా బావ అడిగింది

ఇదంతా చెప్తే మా బావ అన్నాడు, "నీ పడవలోళ్లకు డబ్బులుంటాయి. వెతికేదానికి మూడ్రోజుల కూలిచ్చి, మల్లా మూసేదానికి సామాన్లు కొనాలంటే మాకు యాడ్నుంచి వస్తాయి?"

ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. వెతకడం ఎన్ని రోజులు పడుతుందో ముందే చెప్పలేం. నేను ఒకసారి తొమ్మిది రోజులు ఒక పడవలో లీకు వెతికి, అసలు లీకే లేదని తేల్చాను. రాత్రిపూట తలుపులన్నీ మూసి లోపల వంట చేస్తున్నారు, ఆవిరి చల్లటి ఫైబరు గోడ మీద పట్టి కారుతోంది. ఆ తొమ్మిది రోజుల కూలి అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంకోటి, నలభై ఏళ్ల పడవలో ఒక బోల్టు కారుతుంటే అదే వయసున్న మిగతా యాభై బోల్టులూ కారడానికి సిద్ధంగా ఉన్నట్టే. అలాంటప్పుడు ఒక్కోటీ వెతికి పట్టుకోవడం కంటే వరసగా అన్నీ విప్పి మళ్లీ బిగించడమే మేలని వాదించేవాళ్లున్నారు. 1978 పడవకు మూడో ఏడు మేమూ అదే చేశాం, ఒకవైపు రెయిలింగు పాదాలన్నీ విప్పాం. అయితే అది విప్పి, చూసి, బిగించడం. ఉన్నదాని మీద పూయడం కాదు. ఆ తేడా నాకు ముఖ్యం.

మేస్త్రి తప్పు కూడా నాకు పెద్దగా కనపడదు. అతనికి చదరపు అడుగుకు ఇంతని ఇస్తాం. రెండు గంటలు మిద్దె మీద కూర్చుని ఆలోచించినందుకు ఏ ఇంట్లోనూ పది రూపాయలివ్వరు. కొచ్చిలో మా యార్డులో బిల్లు మీద "వెతికిన సమయం" అని విడిగా ఒక లైను ఉండేది. మొదట్లో యజమానులు గొణిగేవాళ్లు, రెండోసారి వచ్చినప్పుడు గొణిగేవాళ్లు కాదు. బావకు నేను చెప్పిన జవాబు అదే: ఇప్పటికి పోసిన ముప్పై ఎనిమిది వేలలో మూడు రోజుల కూలి ఎన్నిసార్లు వస్తుందో లెక్కేసుకోమన్నాను.

నీలిరంగు చుక్క

ఆ మేస్త్రినే రోజు కూలికి మాట్లాడుకుని పైకెక్కాం. అంతకుముందు ఆ ఫ్యాను లైను మెయిన్లో ఆఫ్ చేయించాను, అదొక్కటి మర్చిపోకూడదు. తడి మరక అంచు చుట్టూ చాక్‌పీసుతో గీసి తారీఖు రాశాను.

మిద్దె మీద నేను చూసింది స్లాబును కాదు, స్లాబులోకి ఏమేం దిగగొట్టారో అది. పడవ డెక్ మీద కూడా అంతే చూస్తాం, ఫైబరు తనంతట తాను కారదు, రంధ్రం చేసిన చోట కారుతుంది. పిట్టగోడ పక్కన, ఫ్యానుకు పదకొండడుగుల దూరంలో, డిష్ యాంటెన్నా స్టాండు ఉంది. నాలుగు బోల్టులు. ఇంటర్నెట్టు పెట్టించుకున్నాక డిష్ తీసేశారు, స్టాండు మిగిలింది. రెండేళ్ల కెమికలూ స్టాండు పాదం చుట్టూ తిరిగి వెళ్లిందే తప్ప దాని కిందికి పోలేదు.

అయినా ముందు పిట్టగోడ అడుగుభాగం పరీక్షించాం. బంకమట్టితో గట్టు కట్టి రెండంగుళాల నీళ్లు నిలబెట్టి రాత్రంతా వదిలాం. ఏమీ లేదు. మర్నాడు స్టాండు చుట్టూ గట్టు కట్టి, బకెట్టు నీళ్లలో బట్టల నీలిమందు కలిపి పోశాం. అక్క కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇరవై నిమిషాలకు కిందినుంచి కేక వేసింది, "ఒరే, నీలంగా పడతాంది రా!"

మేస్త్రి నాకంటే ముందే పరుగెత్తి కిందికి దిగాడు. బోల్టు కొట్టేటప్పుడు డ్రిల్లు స్లాబులోపలి కరెంటు పైపుకు చిల్లు పెట్టింది. నీళ్లు ఆ పైపులో పదకొండడుగులు నడిచి ఫ్యాను బాక్సులో పడుతున్నాయి. స్టాండు పీకి, బోల్టులు తీసి, పైపు ఆరడానికి వారం ఆగి, రంధ్రాలు గ్రౌటుతో నింపి పైన పూశాం. అక్టోబరులో ఒక రాత్రంతా గట్టిగా వాన పడింది, హాల్లో బకెట్టు పెట్టలేదు.

వంటింటి ఉత్తరం మూల మాత్రం ఇంకా తడుస్తోంది. అక్కడ పైన బోల్టూ లేదు, పైపూ లేదు. ట్యాంకు దిమ్మె కింద అనుమానం ఉంది, కానీ అనుమానమే. మేస్త్రి అక్కడ కొంచెం కెమికల్ పూస్తానన్నాడు, వద్దన్నాను. గోడ మీద మూడు చాక్‌పీసు గీతలున్నాయి, అక్టోబరు 9, 17, 26. మూడోది రెండోదానికంటే జానెడు కిందికి దిగింది. వచ్చే ఆదివారం ట్యాంకు ఖాళీ చేసి, దిమ్మె చుట్టూ గట్టు కడతాం.